సోమవారం కౌంటర్‌లో కూర్చోబోయే పీలేరు అమ్మాయికి

బి.ఎల్.ఐ.ఎస్సీ. (లైబ్రరీ సైన్స్ డిగ్రీ) అయింది, తిరుపతిలో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో అవుట్‌సోర్సింగ్ మీద అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి, సర్క్యులేషన్ కౌంటర్‌లో, అంటే పుస్తకాలు ఇచ్చి తీసుకునే చోట వేశారు అని రాశావు. నలుగురితో మాట్లాడాలంటే బెరుకు. కోర్సులో క్లాసిఫికేషన్ చెప్పారు గానీ ఎదురుగా మనిషి నిలబడితే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఇంట్లో వాళ్ళు "ముద్రలేసే ఉద్యోగం" అంటున్నారు. చేరాలా, చేరితే ముందుకు దారి ఉంటుందా అని అడిగావు. నీ వయసు కూతురుంది నాకు, అందుకని నువ్వనే రాస్తాను. నేను 2002లో ఈ ఊళ్ళోనే ఒక యూనివర్సిటీ లైబ్రరీలో డైలీ వేజెస్ మీద చేరాను. రెండేళ్ళు థీసిస్ సెక్షన్, ఒక ఏడాది టెక్నికల్ సెక్షన్, మిగతా కాలమంతా కౌంటరే.

చేరు. చేరేముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకో. ఈ పని వచ్చినవాళ్ళకూ రానివాళ్ళకూ తేడా అంతా కుర్చీలోంచి లేవడంలో ఉంది. పిల్లోడొచ్చి పుస్తకం అడిగితే "అదో, ఆ పక్క మూడో రాక్" అని కూర్చున్నచోటి నుంచే చెయ్యి చూపించొచ్చు. లేచి వాడితోపాటు ఆ రాక్ దాకా నడవనూ వచ్చు. చెయ్యి చూపించినా జీతం ఆగదు. కానీ నాకు తెలిసిన పని అంతా నడిచి నేర్చుకున్నదే, కూర్చుని నేర్చుకున్నది ఏమీ లేదు.

మొదటి రోజు నిన్ను ఆశ్చర్యపరిచేది పుస్తకాలు కాదు, గేటు. తలుపులు తియ్యకముందే అక్కడ పాతిక ముప్పై మంది నిలబడి ఉంటారు. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్ళు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, సత్యవేడు వైపు నుంచి వచ్చి బాలాజీ కాలనీలోనో కొర్లగుంటలోనో ఒక గదిలో నలుగురైదుగురు సర్దుకుని ఉండే పిల్లలు. వాళ్ళు మన పుస్తకాలు పెద్దగా తియ్యరు, సొంత మెటీరియల్ తెచ్చుకుంటారు. వాళ్ళకు కావలసింది ఫ్యాను కింద కుర్చీ, వెలుతురు, తాగే నీళ్ళు. "వీళ్ళు లైబ్రరీని వాడుకోవడం లేదు, ఊరికే కూర్చుంటున్నారు" అని విసుక్కునే సీనియర్లు నీకు తగులుతారు. ఆ మాట నువ్వు పట్టుకోకు. గదిలో చదువుకునే చోటు లేని పిల్లకు రీడింగ్ హాలే లైబ్రరీ. గొడవలు వచ్చేది కుర్చీల దగ్గర. ఒక నోట్‌బుక్కు పెట్టి టిఫిన్‌కు పోయి రెండు గంటలకు వస్తారు, ఈలోపు ఇంకొకరు కూర్చుంటారు. మేము అరగంట నియమం పెట్టుకున్నాం. అరగంట దాటితే నోట్‌బుక్కు కౌంటర్‌కు వస్తుంది, కుర్చీ ఖాళీ అవుతుంది. ఆ నియమం అందరికీ ఒకటే అని వాళ్ళకు నమ్మకం కుదిరాక గొడవ తగ్గింది. తెలిసినవాడని ఒక్కరికి సడలించావంటే ఆ రోజుతో నీ మాట పోతుంది.

ఇంక అసలు పని. కౌంటర్ దగ్గర పిల్లలు అడిగేది ఒకటి, వాళ్ళకు కావలసింది ఇంకొకటి. అబద్ధం చెప్పాలని కాదు. ఏమని అడగాలో తెలియదు, తెలియదని చెప్పడానికి సిగ్గు. మొన్న జనవరిలో పీజీ పిల్లోడొకడు వచ్చి "మేడమ్, స్టాటిస్టిక్స్ బుక్కు ఉండాదా?" అన్నాడు. ఎవరు రాసింది నాయనా అంటే "ఎవర్దైనా పర్లేదు" అన్నాడు. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, కంప్యూటర్‌లో కొట్టి నంబరు చెప్పి పంపేస్తారు. విషయాన్నిబట్టి పుస్తకాలకు నంబర్లిచ్చే డ్యూయీ పద్ధతిలో స్టాటిస్టిక్స్ ఒక్కచోట ఉండదు. 310లో ఉండేవి జనాభా లెక్కల లాంటి గణాంకాల సంపుటాలు. లెక్కలు చేసే పద్ధతి 519.5లో ఉంటుంది. రీసెర్చ్ మెథడాలజీ పుస్తకాలు ఇంకా ముందు, 001.42 దగ్గర. ఆ పిల్లోణ్ణి 310కి పంపి ఉంటే సెన్సస్ పుస్తకాల ముందు పది నిమిషాలు నిలబడి, తనకే ఏదో తెలియడం లేదనుకుని వెళ్ళిపోయేవాడు. మళ్ళీ వచ్చి అడగడు కూడా.

"దేనికోసం చూస్తున్నావు?" అని అడిగాను. జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. అరవై ఇళ్ళు తిరిగి రాసుకున్న సర్వే. రెండు అడ్డ వరసలు, మూడు నిలువు వరసలు గీసి లెక్కలు వేసుకున్నాడు. కింద గైడ్ సార్ ఎర్ర ఇంకుతో "టేబుల్ వాల్యూ?" అని రాసి గుండ్రం చుట్టారు. వాడికి కావలసింది పుస్తకం కాదు, పుస్తకం చివర అనుబంధంలో ఉండే ఒక్క పేజీ, కై-స్క్వేర్ పట్టిక. 519.5 దగ్గరికి ఇద్దరం నడిచాం. పుస్తకం తీసి వెనకనుంచి తిప్పి పట్టిక చూపించాను. రెండు వరసలు మూడు నిలువులంటే, ఒక్కోదాంట్లోంచి ఒకటి తీసేసి హెచ్చిస్తే, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 2. ఐదు శాతం దగ్గర వేలు పెడితే 5.991. ఆ అంకె రాసుకునేటప్పుడు వాడి ముఖం చూడాలి నువ్వు. నేను స్టాటిస్టిక్స్ చదవలేదమ్మా. ఇరవై ఏళ్ళలో ఇట్లా కాగితాలు పట్టుకుని వచ్చినవాళ్ళ వెంట నడిచి నడిచి ఆ పేజీ ఎక్కడుంటుందో తెలిసింది, అంతే.

"ఎందుకు?" అని మాత్రం అడగొద్దు. మన భాషలో ఎందుకు అంటే నిలదీసినట్టుంటుంది. "దేనికోసం?", "ఏ పేపర్‌కు?", "సార్ ఏం చెప్పారు?" అని అడుగు. మూడో ప్రశ్న దగ్గర అసలు సంగతి బయటపడుతుంది. నీకు మాట్లాడాలంటే బెరుకన్నావు కదా, ఈ పనిలో నువ్వు మాట్లాడేది తక్కువ, వినేది ఎక్కువ. బెరుకున్నవాళ్ళు బాగా వింటారు. నేనూ మొదట్లో నీలాగే ఉండేదాన్ని.

మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కు పితామహుడనే రంగనాథన్ గారి ఐదు సూత్రాలు పరీక్షకు రాసే ఉంటావు. పాఠకుడి సమయం ఆదా చెయ్యాలన్నది నాలుగోది. ఆయన 1924లో మద్రాసు యూనివర్సిటీకి లైబ్రేరియన్‌గా వచ్చినప్పుడు, అంతకుముందు లెక్కల పాఠాలు చెప్పిన మనిషి కాబట్టి, లైబ్రరీలోని ఒంటరితనం పడక నన్ను మళ్ళీ కాలేజీకి పంపెయ్యండని అడిగారు. లండన్ వెళ్ళి అక్కడి లైబ్రరీలు చూసిరండి, అప్పటికీ ఇష్టం లేకుంటే పాత ఉద్యోగం మీదేనని ఒప్పించి పంపారు. తిరిగొచ్చాక 1944 దాకా ఆ పదవిలోనే ఉన్నారు. మొదటి నెలలో నీకు విసుగు పుడితే ఆ సంగతి గుర్తు తెచ్చుకో. అంతటి మనిషికే పుట్టింది.

షెల్వింగ్, అంటే పుస్తకాలు రాక్‌లో సర్దడం గురించి చెప్పాలి, ఎందుకంటే ఇది అటెండర్ల పని అని నిన్ను దూరంగా ఉంచుతారు. ఉండకు. రోజుకు అరగంటైనా బండి తోసుకుంటూ వెళ్ళి నీ చేత్తో పుస్తకాలు సర్దు. కొత్తవాళ్ళందరూ ఒకే తప్పు చేస్తారు. 330.9 ముందా, 330.15 ముందా? తొమ్మిది చిన్నది, పదిహేను పెద్దది అనుకుని 330.9ని ముందు పెడతారు. చుక్క తర్వాత ఒక్కో అంకెనే చూడాలి, ఒకటి తర్వాతే తొమ్మిది, కాబట్టి 330.15 ముందు. మన భాషల దగ్గర ఇది ఇంకా గజిబిజి. తమిళ సాహిత్యం 894.811, కన్నడం 894.814, తెలుగు 894.827. భాష, వ్యాకరణమైతే తెలుగు 494.827. సంస్కృత సాహిత్యం వేరేచోట, 891.2. తిరుపతిలో తెలుగు ఎం.ఏ. పిల్లలు, తమిళం చదివే పిల్లలు, సంస్కృతం పిల్లలు ముగ్గురూ ఒకే పూట వస్తారు. ఈ నాలుగైదు నంబర్లు నీకు నోటికి రావాలి. తప్పు రాక్‌లో పెట్టిన పుస్తకం, పోయిన పుస్తకం రెండూ ఒకటే. పైగా దొంగ ఎవరూ ఉండరు కాబట్టి దాన్ని ఎవరూ వెతకరు.

కంప్యూటర్ విషయానికొస్తే నువ్వు చేరేచోట లైబ్రరీ సాఫ్ట్‌వేర్ సోల్ ఉండొచ్చు, కోహా ఉండొచ్చు. సోల్ యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే గాంధీనగర్ సంస్థ వాళ్ళది. కోహా న్యూజిలాండ్‌లో ఒక చిన్న ఊరి లైబ్రరీ కోసం 1999లో తయారైంది, ఉచితం. మావోరీ భాషలో కోహా అంటే కానుక అట. రెండూ వారంలో చేతికొస్తాయి. ఇబ్బంది పెట్టేది తెలుగు పుస్తకాల వెతుకులాట. చాలా లైబ్రరీల్లో పాత తెలుగు పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించారు. "శతకము" అన్న మాట మొదట ఒకరు ఎస్ ఒక్కటే వేస్తారు, ఇంకొకరు ఎస్ పక్కన హెచ్ చేరుస్తారు. చివర ఒకరు సున్నాతో ఆపేస్తారు, ఇంకొకరు ము కలుపుతారు. "కృష్ణ"లో ఋకారానికి ఆర్‌ఐ అని ఒకరు, ఆర్‌యూ అని ఒకరు. తెరమీద "ఫలితాలు లేవు" అని వస్తే పుస్తకం లేదని కాదు, ఆ అక్షరక్రమంతో లేదని మాత్రమే. పేరు నడుమ ఉన్న, అందరూ ఒకేలా రాసే చిన్న మాటతో వెతుకు. రచయిత ఇంటిపేరుతో ఒకసారి, అసలు పేరుతో ఒకసారి కొట్టు. అప్పటికీ దొరక్కపోతే లేచి రాక్ దగ్గరికి వెళ్ళు. మన దగ్గర లేదని నేను ఒక పెద్దాయనకు మూడుసార్లు చెప్పిన పుస్తకం, బూజు దులుపుతుంటే నా చేతికే తగిలింది.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. ఎవరికీ ఇంత వివరంగా చెప్పలేదు.

చేరిన ఆరేడేళ్ళకు అనుకుంటా, ఏప్రిల్‌లో, నో డ్యూస్ (బాకీ ఏమీ లేదనే కాగితం) రద్దీ. ఎమ్మెస్సీ పిల్లోడొకడు వాళ్ళ నాన్నతో వచ్చాడు. నగరి వైపు వాళ్ళు, ఇంట్లో మరమగ్గాల పని. చెన్నైలో ఉద్యోగం వచ్చింది, ఆ వారంలోనే టీసీ కావాలి. తెరమీద వాడి పేరున ఒక పుస్తకం చూపిస్తోంది. "రిటర్న్ చేసినాను మేడమ్, పోయిన ఏడాదే ఇచ్చేసినాను" అన్నాడు. రిటర్న్ చేస్తే ఇందులో ఎందుకుంటుంది అన్నాను. వాడు మళ్ళీ అదే మాట చెప్పాడు. వెనక ఇరవై మంది వరసలో ఉన్నారు. నేను లేవలేదు. అప్పటి నియమం ప్రకారం పుస్తకం ధరకు మూడింతలు కట్టాలన్నాను. వాళ్ళ నాన్న ఒక్క మాట అనలేదు. చొక్కా లోపలి జేబులోంచి డబ్బు తీసి, వేలు తడిచేసుకుని, వంద నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి కౌంటర్ మీద పెట్టాడు. "మర్చిపోయింటావులే సామీ" అని కొడుకు భుజం తట్టాడు. ఆ పిల్లోడు నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. తండ్రి దగ్గర వాణ్ణి అబద్ధాలకోరును చేశాను.

మూడు వారాలకు వేసవి స్టాక్ వెరిఫికేషన్‌లో, అంటే పుస్తకాల లెక్క చూసేటప్పుడు, ఆ పుస్తకం దొరికింది. ఎక్కడో కాదు, దాని రాక్‌లో, దాని వరసలో, ఉండాల్సిన చోటే. ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. వాడు ఇచ్చిన రోజు కరెంటు పోయింది. ఎవరో పుస్తకం తీసుకుని పక్కన పెట్టారు, కరెంటు వచ్చాక ఎంట్రీ చెయ్యడం మర్చిపోయారు, అటెండర్ మామూలుగా తీసుకెళ్ళి సర్దేశాడు. ఎవరో అన్నాను గానీ అది నేనే అయి ఉండొచ్చు. కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించడానికి ఫైలు నాలుగు నెలలు తిరిగింది. ప్రతి టేబుల్ దగ్గరా "ఒకసారి జమైన డబ్బు ఎట్లా ఇస్తారమ్మా" అన్నారు. మనియార్డర్ పంపి, ఆ ఇంటికి ఫోన్ చేసి తండ్రితో మాట్లాడాను. "మీ వాడు చెప్పిందే నిజమయ్యా, తప్పు మాది" అన్నాను. కాసేపు మాట రాలేదు ఆ పక్కనుంచి. తర్వాత "వాడికి చెప్తా మా" అని పెట్టేశాడు.

అప్పటినుంచి నాకొక పద్ధతి ఉంది, నువ్వూ పెట్టుకో. తెరమీద ఉంది అని సిస్టమ్ అంటే, ఇచ్చేశాను అని పిల్లలంటే, ముందు రాక్ చూసొచ్చాకే మాట్లాడు. వరసలో ఎంతమంది ఉన్నా సరే. ఆ రాక్, పైది, కిందది, పక్కది. తర్వాత బైండింగ్‌కు వెళ్ళిన కట్టలు, సర్దకుండా మిగిలిన బండి. పదిసార్లలో మూడు నాలుగుసార్లు నాకు పుస్తకం దొరికింది. దొరకనప్పుడు కూడా, మనం వెతికొచ్చామని కళ్ళతో చూసిన పిల్ల కొత్త పుస్తకం కొనివ్వడానికో డబ్బు కట్టడానికో గొడవ లేకుండా ఒప్పుకుంటుంది. ఇంకొకటి, రిటర్న్ తీసుకునేటప్పుడు స్కాన్ శబ్దం విని ఊరుకోకు. పేరు కింద ఆ పుస్తకం పోయిందా లేదా తెర చూడు, తెరను పిల్లలవైపు తిప్పి వాళ్ళకూ చూపించు. కరెంటు పోయినా సర్వర్ ఆగినా ఒక నోట్‌బుక్కులో అక్సెషన్ నంబరు (పుస్తకానికి లైబ్రరీ ఇచ్చిన వరస నంబరు), ఐడీ నంబరు, టైము రాసి పిల్లల సంతకం తీసుకో. ఆ నోట్‌బుక్కు ఎక్కించకుండా ఇంటికి పోవద్దు. కోహాలో నెట్ లేనప్పుడు ఇష్యూ, రిటర్న్ చేసే ఏర్పాటు ఉంటుంది, మీ సిస్టమ్ అనలిస్టును అడిగి నేర్చుకో.

పుస్తకాలు పోతే జీతంలో కోస్తారేమోనని భయపడుతుంటావు, నాకూ ఉండేది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాల్లో, 2017 నాటి వాటిలో 215వ నియమంలో, ఏడాదిలో ఇష్యూ అయిన, చూడ్డానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు ఐదు పోవడం సహజమేనని ఉంది. నిర్లక్ష్యమో మోసమో కారణం కాకూడదు, అంతే. వెయ్యి రూపాయలు దాటినది, అరుదైనది పోతే మాత్రం విచారణ జరగాలి. యాభై వేలకు మించి పుస్తకాలున్నచోట మూడేళ్ళలోపు నమూనా తనిఖీ చేస్తే చాలు. రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎవరి నియమాలు వాళ్ళకుంటాయి. మీ లైబ్రరీ నియమం ఏంటో మొదటి నెలలోనే కాగితం మీద చదువు, నోటిమాటను నమ్మకు.

పరీక్షల ముందు పేజీలు బ్లేడుతో కోసుకుపోతారు. చూస్తే కడుపు మండుతుంది. కానీ ఏ పుస్తకాల్లో కోస్తున్నారో నేను కొన్నాళ్ళు రాసుకున్నాను. దాదాపు అన్నీ రిఫరెన్స్‌లో ఉన్న ఒక్కే కాపీ పుస్తకాలు, బయటికివ్వనివి. జిరాక్స్ మిషన్ పాడైన వారాల్లో ఎక్కువ. అందుకని మా అసిస్టెంట్ లైబ్రేరియన్‌ను ఒప్పించి పరీక్షల నెలలో ఓవర్‌నైట్ ఇష్యూ పెట్టించాం. సాయంత్రం ఐదుకు తీసుకెళ్ళి పొద్దున పదికి తెచ్చివ్వాలి. కోతలు పూర్తిగా ఆగలేదు గానీ బాగా తగ్గాయి. కౌంటర్‌లో ఉన్న మనకే ఇట్లాంటివి కనిపిస్తాయి, లోపలి గదిలో ఉన్నవాళ్ళకు కనిపించవు. కనిపించింది రాసిపెట్టుకుని పైవాళ్ళకు చెప్పడం కూడా నీ పనే.

జర్నల్స్ గురించి రీసెర్చ్ స్కాలర్లు అడుగుతారు. 2025 జనవరి నుంచి కేంద్రం పెట్టిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం కింద ముప్పై ప్రచురణ సంస్థల జర్నల్స్, దాదాపు పదమూడు వేలు, ప్రభుత్వ యూనివర్సిటీలన్నిటికీ తెరిచారు. మన పిల్లలు చాలామందికి ఈ సంగతి తెలియదు, వ్యాసానికి డబ్బు కట్టాలని చూసి వెనక్కి పోతుంటారు. క్యాంపస్ నెట్‌వర్క్ మీద ఎట్లా తెరుచుకుంటుందో నువ్వు ముందు చేసి చూడు, తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని చూపించు. థీసిస్‌లకైతే శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ భాండాగారం ఉంది. అందులో లేని పాతవి థీసిస్ సెక్షన్‌లో ఉంటాయి.

తిరుపతిలో పనిచేస్తున్నావు కాబట్టి ఇంకోటి తెలిసుండాలి. తాటాకు గ్రంథాల గురించి అడిగేవాళ్ళు ఏడాదికి నలుగురైనా వస్తారు, ఇంట్లో తాతలనాటి కట్ట దొరికిందని సంచిలో పెట్టుకుని మరీ వస్తారు. వాళ్ళను ఉత్తచేతులతో పంపకు. దేవస్థానం వాళ్ళు 1939లో పెట్టిన ప్రాచ్య పరిశోధన సంస్థ 1956 నుంచి ఎస్వీ యూనివర్సిటీ కింద ఉంది, సంస్కృత విశ్వవిద్యాలయం ఉంది. తాటాకులు చదవగలిగినవాళ్ళున్న చోట్లు అవి. కట్ట విప్పి ఆకులు విడదీయొద్దని, ఎండలో పెట్టొద్దని వచ్చినవాళ్ళకు చెప్పు.

నవంబరు వానలు మన లైబ్రరీలకు గండం. 2021 నవంబరులో ఊరంతా మునిగినప్పుడు కిటికీ సందుల్లోంచి కారిన నీళ్ళకే కింది అర తడిసింది మాకు. తడిసిన పుస్తకాన్ని ఎండలో పెట్టకూడదు, అట్టలు వంకర్లు పోతాయి. నిలబెట్టి, ఆకులు కొంచెం విచ్చుకునేట్టు చేసి ఫ్యాను గాలికి ఉంచాలి. నడుమ నడుమ తెల్ల కాగితాలు పెట్టి, తడిసినకొద్దీ మార్చాలి. నున్నటి ఆర్ట్ పేపర్ పుస్తకాలను ముందు చూడు, అవి ఆరితే పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఇక విడిపోవు. రెండు రోజులు దాటితే బూజు మొదలవుతుంది. పొడి రోజుల్లో దుమ్ము, చెదలు. గోడకు ఆనించిన రాక్‌ల వెనక మట్టి గీత కనిపిస్తే ఆ రోజే చెప్పు, కలరా ఉండలతో చెద పోదు. నీ ఊపిరితిత్తులు కూడా చూసుకో. పుస్తకాల రాక్‌లుండే స్టాక్‌లో పనిచేసేటప్పుడు మాస్కు వేసుకో, నాకు దుమ్ము ఎలర్జీ పట్టాక గానీ బుద్ధి రాలేదు.

మనుషుల సంగతి. పది పన్నెండు పుస్తకాలు మూడేళ్ళు దాచుకుని, అడిగితే కేకలేసే ప్రొఫెసర్లు ఉంటారు. వాళ్ళతో కౌంటర్‌లో వాదించకు, జాబితా రాసి పైనుంచి పంపించు. అల్లరి మాట్లాడే పిల్లలు ఉంటారు. ఆ రోజే, ఆ గంటలోనే సీనియర్‌కు చెప్పు, చిన్నదేలే అని మింగకు. సాయంత్రం షిఫ్టు వేస్తే రాతపూర్వకంగా రోస్టర్ అడుగు, ఆఖర్న తాళం వేసేటప్పుడు ఒంటరిగా ఉండొద్దు, కనీసం ఒక అటెండర్, వాచ్‌మన్ ఉండాలి. ఇది అడగడం తప్పు కాదు. పీలేరు నుంచి రోజూ వచ్చిపోతానని రాశావు, నేను వద్దంటాను. భాకరాపేట ఘాట్ మీద పొద్దున, రాత్రి బస్సు ప్రయాణం, ఆపైన ఎనిమిది గంటలు నిలబడే పని, ఆరు నెలల్లో నడుం పట్టేస్తుంది. ఇంకో ఇద్దరమ్మాయిలతో కలిసి గది చూసుకో.

ముందు దారి గురించి నిజం చెప్తాను. అవుట్‌సోర్సింగ్‌లో ఉంటూ రేపు పర్మనెంట్ చేస్తారని ఎదురుచూడొద్దు. నా తోటివాళ్ళు ఆ ఆశమీదే పదిహేనేళ్ళు గడిపారు, వాళ్ళ పిల్లల ఫీజుల టైముకు ఎంత నలిగిపోయారో నేను చూశాను. పర్మనెంట్ అయినవాళ్ళలో నేనున్నాను, అది నా గొప్ప కాదు, ఆ సంవత్సరం నోటిఫికేషన్ పడింది, అంతే. నువ్వు మొదటి ఏడాదిలోనే ఎం.ఎల్.ఐ.ఎస్సీ.కి (లైబ్రరీ సైన్స్ పీజీకి) కట్టు, దూరవిద్యలోనైనా సరే, యాభై ఐదు శాతం తగ్గకుండా చూసుకో. అది, దానితోపాటు యూజీసీ పెట్టే నెట్ పరీక్ష గానీ, రాష్ట్రం పెట్టే సెట్ గానీ, లేకుంటే పీహెచ్.డీ. గానీ ఉంటేనే అసిస్టెంట్ లైబ్రేరియన్, డిగ్రీ కాలేజీ లైబ్రేరియన్ పోస్టులకు అర్హత. నెట్‌లో మన సబ్జెక్టు కోడ్ 59. కేంద్రీయ విద్యాలయాల లైబ్రేరియన్ పోస్టులకు నీ బి.ఎల్.ఐ.ఎస్సీ. ఇప్పుడే పనికొస్తుంది, నోటిఫికేషన్లు చూస్తూ ఉండు. కౌంటర్‌లో ఏడాది నిలబడిన పిల్ల నెట్ పేపర్‌లో రిఫరెన్స్ సర్వీస్ ప్రశ్నలకు పుస్తకం చూడకుండా జవాబు రాయగలదు. మా దగ్గర చేసి వెళ్ళిన ఇద్దరు ఇప్పుడు కాలేజీ లైబ్రేరియన్లు.

సోమవారం పొద్దున అరగంట ముందే వెళ్ళు. చెప్పులు మెత్తనివి వేసుకో, టైల్స్ మీద చప్పుడు చెయ్యనివి. ఒక చిన్న నోట్‌బుక్కు, ఒక పాత నూలు గుడ్డ సంచిలో పెట్టుకో. మొదటి రోజు నీకు పెద్దగా పని చెప్పరు, కూర్చుని చూస్తుండమంటారు. మధ్యాహ్నం రెండూ మూడూ మధ్య కౌంటర్ ఖాళీగా ఉంటుంది, అప్పుడు అడిగి స్టాక్‌లోకి వెళ్ళు. 000 నుంచి మొదలుపెట్టి రాక్ రాక్‌కూ నడుస్తూ ఏ నంబరు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నోట్‌బుక్కులో గీసుకో. రాక్ పక్కన అంటించిన చీటీలను నమ్మకు, పుస్తకం వీపు మీది నంబరు చూసి రాసుకో. ఒక్కరోజులో అవదు, వారం పడుతుంది. మేడ మీది బ్యాక్ వాల్యూమ్స్ (పాత జర్నల్స్ బైండ్లు) దగ్గరికి కూడా వెళ్ళు, అక్కడ లైటు స్విచ్ ఎక్కడుందో అటెండర్‌ను అడిగి తెలుసుకో. ఇరవై మూడేళ్ళయినా నేను ఇంకా తడుముకుంటాను దానికోసం.